బ్రాండ్ పేరే వాడుక మాటైతే? జిమ్మీ జిబ్ నుంచి జిరాక్స్ దాకా

ఒక కంపెనీ పెట్టుకున్న పేరు ఆ రకం వస్తువులన్నిటికీ పేరైపోతే ట్రేడ్‌మార్క్ హక్కే పోవచ్చు. ఫిల్మ్‌నగర్‌లో "స్క్రిప్ట్ జిరాక్స్ తీయించు" అంటే మెషీన్ ఏ కంపెనీదైనా ఒకటే. కెమెరా క్రేన్‌ను చాలామంది "జిమ్మీ జిబ్" అనేస్తారు. అదీ బ్రాండ్ పేరే. 1970ల్లో గ్యారెట్ బ్రౌన్ తయారుచేసిన స్టెడీకామ్ కూడా అంతే. మనిళ్లలో వనస్పతిని డాల్డా అన్నట్టే.

అమెరికాలో ఆస్పిరిన్ 1921లో, ఎస్కలేటర్ 1950లో ఇలాగే హక్కు కోల్పోయాయి. మన దేశంలో జిరాక్స్ మాత్రం నిలబడింది. 2012లో మేధో సంపత్తి అప్పిలేట్ బోర్డు దాని రిజిస్ట్రేషన్ రద్దుకు ఒప్పుకోలేదు. "ఫోటోకాపీ అనండి" అని ఆ కంపెనీ ప్రకటనలిస్తూనే ఉంటుంది.

1999 ట్రేడ్‌మార్క్స్ చట్టం సెక్షన్ 9 ప్రకారం, వ్యాపారంలో అందరూ వాడే మాట ఒకరి సొంతం కాదు. కాబట్టి ఉత్త "అత్తర్", "బిర్యానీ" అని రిజిస్టర్ చేయించుకోలేరు.

ఫిల్మ్ చాంబర్‌లో సినిమా టైటిల్ నమోదు వేరు, ట్రేడ్‌మార్క్ వేరు. ట్రేడ్‌మార్క్‌కు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు చెన్నై రిజిస్ట్రీ పరిధిలోకి వస్తాయి. ఆన్‌లైన్‌లో వ్యక్తులకు, చిన్న వ్యాపారాలకు ఒక్కో తరగతికి ఫీజు రూ.4,500. రిజిస్ట్రేషన్ 10 ఏళ్లు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్ చేయించుకోవాలి.

ఇంటి నుంచే కేటరింగ్, బుర్ఖా డిజైనింగ్ చేస్తున్న వాళ్లు బోర్డు రాయించకముందే ఆ పేరు ఖాళీగా ఉందో లేదో చూసుకుంటే మంచిది.