లాభం ఏడాదికి ఎన్నిసార్లు పంచుకోవాలె? మన సంఘాల పాత ముచ్చట

ప్రతి ఏడు మహాసభ దగ్గరికొచ్చేసరికి మన గ్రామ సంఘాలల్ల ఒకటే లొల్లి. "లాభం ఎంతొచ్చింది, మాకెప్పుడు పంచుతరు?" అడిగే అక్కల తప్పేం లేదు, పైసలు వాళ్లవే. కానీ ఈ ప్రశ్న మనతోని పుట్టింది కాదు. అందుకే ఈసారి నివేదికలో దీని చరిత్ర మాకు తెలిసినంత రాస్తున్నాము.

1982లో డ్వాక్రా పథకం వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచిన తర్వాత, ఆ జిల్లాలోనే పొదుపులక్ష్మి పేరుతో రోజుకు రూపాయి దాచే సంఘాలు పుట్టినయి. మా తిరుమలగిరి దిక్కు కూడా మా అత్తమ్మలు నెలకు ముప్పై రూపాయలతోనే మొదలుపెట్టిండ్రు. వాళ్లకు తెలిసింది చిట్టీ లెక్క. ఏడాదంతా జమ చేసుడు, బతుకమ్మ పండుగకు మిత్తితో సహా పంచుకునుడు, మళ్ల సున్నా నుంచి షురువు. మూడేండ్లు అట్లనే నడిచింది. నాలుగో ఏడు పండుగ అయిన నెలకే ఒక అక్క పెనిమిటికి పాము కరిచింది. సంఘం పెట్టెల ఒక్క నెల పొదుపు తప్ప ఏం లేదు. నూటికి ఐదు మిత్తికి బయట తెచ్చిండ్రు. ఆయన బతికిండు గని, ఆ అప్పు తీరేసరికి రెండు మేకలు, చెవుల కమ్మలు పోయినయి. అప్పటి నుంచి పంచుడు బంద్ చేసి, వచ్చిన మిత్తిని సంఘంలనే తిప్పిండ్రు.

అది మంచిదే. కానీ అందులో ఇంకో తిప్పలు వచ్చింది. పదేండ్లు ఎవ్వరికీ ఏం పంచలేదు, ఎవరి పేరు మీద ఎంత లాభం ఉన్నదో పుస్తకంలో రాయలేదు. ఒక పెద్దవ్వ చనిపోతే ఆమె బిడ్డ వచ్చి అడిగింది. పొదుపు లెక్క చూపెట్టగలిగినం, లాభంలో వాటా చూపెట్టలేకపోయినం. ఆ లెక్క తేల్చుటానికి ఆరు నెలలు పట్టింది. పంచకపోయినా సరే, ఎవరి వాటా ఎంతో ప్రతి ఏడు రాయాలె అని మేము నేర్చుకున్నది అప్పుడే.

బయటి దేశంల కూడా ఇదే గొడవ. ఇంగ్లండులో రోచ్‌డేల్ అనే ఊర్లె 1844లో 28 మంది, ఎక్కువగా కూలిపని చేసేటోళ్లు, కలిసి ఒక దుకాణం పెట్టిండ్రు. పిండి, చక్కెర, వెన్న, కొవ్వొత్తుల అంగడి. వాళ్లు మూడు నెలలకోసారి లెక్క చూసేటోళ్లు. ముందు వాటాధనానికి కొద్దిగ వడ్డీ, మిగిలిన లాభం ఎవరు ఎంత సరుకు కొన్నరో అంత లెక్కన. చానామంది ఆ పైసలు తీసుకోకుండ దుకాణంలనే జమ ఉంచిండ్రట. మన దేశంలో 1912 సహకార చట్టం నికర లాభంలో కనీసం నాలుగో వంతు నిల్వ నిధికి పోవాలన్నది. మన సమాఖ్యలు రిజిస్టరైన 1995 చట్టమైతే మిగులు ఎట్ల పంచాలె, లోటొస్తే ఎట్ల పూడ్చాలె, రెండూ సభ్యులే తేల్చుకోవాలన్నది. లాభం అడిగినోళ్లం లోటు మాట కూడా వినాలె కదా!

ఇద్దరు ముగ్గురు కలిసి పెట్టుకునే చిన్న కంపెనీలకు కూడా ఇట్లాంటి పద్ధతే. ఏడాది లెక్కలు అయినంక వాటాదార్ల సభలో పంచొచ్చు, నడుమల డైరెక్టర్లు కూడా కొంత ఇయ్యొచ్చు. కానీ లాభం ఉంటేనే.

మాకు అన్నిటికంటే దగ్గర అనిపించేది ముల్కనూరు. అక్కడ 1956 నుంచి రైతుల సహకార బ్యాంకు ఉన్నది, 2000లో ఆడవాళ్ల పాల డెయిరీ మొదలైంది. పాల బిల్లు ఎప్పటికప్పుడు చేతికొస్తది. లాభంలో బోనస్ మాత్రం ఏడాదికోసారి, ఎవరు ఎన్ని పాలు పోస్తే అంత లెక్కన. కష్టం పైసలు వేరు, లాభం పైసలు వేరు అని అక్కడ విడగొట్టిండ్రు.

మేము ఆ తేడా తెల్వకనే చెడినం. మా వడ్ల కొనుగోలు కేంద్రంలో ఒక యాసంగిలో కాంటాలు అయిపోంగనే "ఇన్ని క్వింటాళ్లు కొన్నం, ఇంత కమీషన్ వస్తది" అని కాయితం మీద లెక్కేసి, గ్రామ సంఘం సొమ్ములకెళ్లి పంచేసినం. హమాలీ, టార్పాలిన్లు, సుతిలి, వడ్లు ఆరబోసిన కూలీ, తరుగు అన్నీ పోంగ నిజంగ చేతికొచ్చింది పంచినదాని కన్న తక్కువ. అది కూడా తర్వాతి పంట కోతలకు గాని రాలేదు. ఆ నడుమ పిల్లల ఫీజులకు అప్పు అడిగిన ముగ్గురు అక్కలకు ఇయ్యలేకపోయినం. పంచినయి వాపస్ అడిగితే ఎవలిస్తరు? కొందరు ఇచ్చిండ్రు, కొందరు మాతోని ఏడాది మాట్లాడలేదు.

ఇప్పుడు పెద్ద పైసలొచ్చే పనులు వస్తున్నయి. 2025లో నారాయణపేటలో ఆడవాళ్లే పెట్రోల్ బంకు నడుపుడు మొదలుపెట్టిండ్రు. మండల సమాఖ్యల పేరు మీద బస్సులు కొని ఆర్టీసీకి కిరాయికిస్తున్నరు. కిరాయి నెలనెలా వస్తదని నెలనెలా పంచుదామంటే, బ్యాంకు కిస్తీ కూడా నెలనెలా ఉంటది, బండి పాతబడుతది.

మొన్నటి మహాసభలో మూడు గంటలు కొట్లాడి రాసుకున్న తీర్మానం ఇది: కేంద్రంలో పనిచేసినోళ్ల కూలి పంట కాంగనే ఇయ్యాలె. లాభం ఏడాదికి ఒక్కసారే, ఆడిట్ అయినంక, బ్యాంకుల పడ్డ పైసలకెళ్లే పంచాలె. నాలుగో వంతు నిల్వకు పెట్టాలె. పంచినా పంచకున్నా ప్రతి సభ్యురాలి పాసుబుక్కుల వాటా రాయాలె. దసరాకు ముందు కొంత అడ్వాన్సు ఇయ్యాలన్న అక్కల మాట ఇంకా తేలలేదు, వచ్చే నెల సమావేశం అజెండాల పెట్టినం.