జంషెడ్‌పూరున వెలసిన నక్షత్రము

యంత్రముపై మనుష్యునకు మమకార మేల కలుగును? మెర్సిడిస్ బెంజ్ పాత సెడాన్ కార్లను కన్నబిడ్డలవలె కాపాడుకొను అభిమానులను చూచినపుడు ఈ ప్రశ్న తోచుట సహజము. ఖరీదును, వేగమును, హోదాను కారణములుగా చెప్పువారు కలరు. కాని జంషెడ్‌పూరు చరిత్రను పరిశీలించినచో ఇంకొక కారణము కానవచ్చును.

కార్ల్ బెంజ్ 1886లో జర్మనీయందు తన మోటారు బండికి పేటెంటు పొందెను. 1888లో ఆయన భార్య బెర్తా, ఇరువురు కుమారులను వెంటగొని, మాన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమ్ వరకు నూరు కిలోమీటర్లకు పైగా ఆ బండిపై ప్రయాణము చేసెను. దారిలో మందుల దుకాణమున ఇంధనము కొని, చెడిన భాగములను బాగుచేసికొనుచు ఆమె గమ్యము చేరెను. 1926లో బెంజ్, డైమ్లర్ సంస్థలు ఏకమయ్యెను. భూమి, జలము, ఆకాశములకు గుర్తైన మూడు కోణముల నక్షత్రము ఆ సంస్థకు చిహ్నమయ్యెను.

ఆ నక్షత్రము జంషెడ్‌పూరునకు లారీపై నెక్కి వచ్చెను. రైలింజనుల నిర్మాణమునకై 1945లో స్థాపింపబడిన టెల్కో సంస్థ, 1954లో డైమ్లర్-బెంజ్‌తో 15 సంవత్సరముల ఒడంబడిక చేసికొని, ఆ సంవత్సరమే తొలి లారీని వెలువరించెను. తొలుత జర్మనీనుండి వచ్చిన భాగములను కూర్చుటయే పని. పిదప ఒక్కొక్క భాగమును ఇచ్చటనే పోతపోసి, తరిణిపట్టి, కొలిచి సిద్ధము చేయుట అలవడెను. ఉత్తరాంధ్రమునుండి ఈ ఉక్కు నగరమునకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములకు సయితము టాటా-మెర్సిడిస్-బెంజ్ అను పేరు సుపరిచితమయ్యెను. దేశమందలి రహదారులపై ఆ నక్షత్రమును ధరించి బియ్యము, బొగ్గు, సిమెంటు మోసిన లారీలు ఈ ఊరి పనివారి చేతులలో రూపు దిద్దుకొన్నవి.

1969లో ఒడంబడిక ముగిసెను. లారీల ముఖమునుండి నక్షత్రము తొలగి, టాటావారి సొంత చిహ్నము వచ్చెను. ప్రసిద్ధమైన పేరు పోయిన పిమ్మట కొనువారు నిలుతురా యను సందేహము కలుగదగినదే. కాని 15 సంవత్సరములలో నేర్చిన పనితనము చిహ్నముతో పాటు వెడలిపోలేదు. లారీల నిర్మాణము నిరాఘాటముగ సాగెను. 1986లో 407 అను తేలిక లారీని ఆ సంస్థ స్వయముగ రూపొందించి విపణిలోనికి తెచ్చెను.

అంతలో జర్మనీలో 1984 చివర డబ్ల్యు 124 అను సెడాన్ శ్రేణి వెలువడెను. అద్దమునంతటిని దాదాపుగా తుడుచు ఒంటి వైపరు, వెనుక ఒక్కొక్క చక్రమును అయిదు కడ్డీలతో నిలిపిన అమరిక దాని విశేషములు. ఆ శ్రేణిలో 1990లో ప్రదర్శింపబడిన 500 ఇ, 5 లీటర్ల ఎనిమిది సిలిండర్ల యంత్రముతో పందెపు బండి వేగమును, ఇంటిల్లిపాది సుఖమును ఏకము చేసెను. దాని నిర్మాణమున పోర్షె సంస్థ పాలు పంచుకొనెను. అభిమానులు నేటికిని దానిని తలపై పెట్టుకొందురు.

1994లో డైమ్లర్-బెంజ్ మరల టెల్కోతో చేయి కలిపెను. 1995లో డబ్ల్యు 124 కార్లు భారతదేశమున తయారగుట ఆరంభమయ్యెను. అయితే ఈ పర్యాయము పూనాలో. జంషెడ్‌పూరు కర్మాగారము ఆ సెడానును చేయలేదు. అయినను నలువది యేండ్ల క్రిందట రెండు దేశముల నడుమ నమ్మకమునకు పునాది వేసినది ఈ ఊరి పోతశాలలే.

పాత బెంజిని ప్రేమించువాడు సెలవు దినమున దాని బోల్టులు విప్పి, చమురు మార్చి, అరిగిన రబ్బరు తీసి క్రొత్తది వేయును. తలుపు మూయునపుడు వచ్చు గంభీరమైన చప్పుడును విని మురియును. బాగుచేయుటకు వీలుగా, చిరకాలము మన్నునట్లుగా ఎవరో శ్రద్ధతో చేసిరన్న ఎరుకయే ఆ మురిపెమునకు మూలము. అట్టి శ్రద్ధను లారీలయందు చూపిన జంషెడ్‌పూరు కార్మికులకును ఆ ప్రేమలో భాగము కలదు. ధనికుని సెడానుపై మెరసిన నక్షత్రమే, అంతకు ముందు వారి చెమటతో తడిసి, దేశపు ధాన్యమును మోసినది.