ఎండలో స్నేహితులతో వంద మీటర్ల పందెం: తెలుసుకోవలసిన సంగతులు



నలుగురు పిల్లలు మైదానంలో కలిస్తే "వంద మీటర్లు పందెం పెడదామా?" అనే మాట రాకుండా ఉండదు. పరుగు మంచిదే, ఎండ అని మాన్పించనక్కర లేదు. కానీ ఎండలో అసలు ముప్పు ఎక్కడ ఉందో చాలామందికి తెలియదు. అది తెలిస్తే పిల్లలు ఆడుకోవచ్చు, పెద్దలు నిశ్చింతగా ఉండవచ్చు.

ముప్పు ఎక్కడుంది?

విశాఖపట్నానికి చెందిన జ్యోతి యర్రాజి 2023 జూలైలో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా అథ్లెటిక్స్ పోటీల్లో 100 మీటర్ల హర్డిల్స్‌లో బంగారు పతకం గెలిచారు. ఆమెకు పట్టింది 13.09 సెకన్లు. అంత తక్కువ సేపట్లో ఒంటి వేడి ప్రమాదం దాకా పెరగదు. పైగా వేడి గాలి కొంచెం పలచగా ఉంటుంది, కండరాలు వెచ్చగా ఉంటాయి కాబట్టి పొట్టి పరుగుకు వేడి కాస్త అనుకూలమే. దూరపు పరుగు సంగతి వేరు. 2019లో దోహాలో జరిగిన ప్రపంచ పోటీల్లో మహిళల మారథాన్‌ను ఎండ తప్పించుకోవడానికి అర్ధరాత్రి మొదలుపెట్టారు. అయినా 68 మందిలో 28 మంది మధ్యలోనే ఆగిపోయారు.

మరి వంద మీటర్లకు భయం ఎందుకు? స్నేహితుల పందెం ఒకటితో ముగియదు గనుక. ఓడినవాడు "ఇంకొక్కసారి రా మచ్చా" అంటాడు, గెలిచినవాడు కాదనలేడు. పది సార్లు పరుగెత్తితే వెయ్యి మీటర్లు అయినట్టే. కండరాలు వాడే శక్తిలో దాదాపు నాలుగింట మూడు వంతులు వేడిగా మారుతుంది. ఎండలో ఆ వేడి బయటికి పోవడానికి ముఖ్యమైన దారి చెమట ఆరడమే. పందేనికీ పందేనికీ మధ్య ఎండలోనే నిలబడితే పాత వేడి తగ్గకముందే కొత్త వేడి చేరుతుంది.

హోసూరు వేరు, కృష్ణగిరి వేరు

హోసూరు సముద్రమట్టానికి సుమారు 880 మీటర్ల ఎత్తులో ఉంది. కృష్ణగిరి అంతకంటే 300 మీటర్లకు పైగా పల్లంలో ఉంది. ఎత్తు ప్రతి 100 మీటర్లు తగ్గితే వేడి సుమారు 0.65 డిగ్రీ పెరుగుతుంది. అంటే రోడ్డు మీద 50 కిలోమీటర్లు దిగేసరికి రెండు డిగ్రీల తేడా వస్తుంది. హోసూరు చల్లగాలికి అలవాటు పడిన పిల్లలు పోటీలకు కృష్ణగిరికి వెళ్తే ఈ తేడా గుర్తుంచుకోవాలి. ఇంకొక సంగతి: వాతావరణ వార్తల్లో చెప్పే వేడి నీడలో కొలిచినది. ఎండలో నిలబడినవాళ్లకు వేడి అంతకంటే ఎక్కువ తగులుతుంది.

మే నెల కత్తెర ఎండల్లో పగలు పందెం వద్దు. ఉదయం 8 లోపు గానీ, సాయంత్రం 5 తర్వాత గానీ పెట్టుకోండి. సెలవుల్లో ఇంట్లోనే ఉన్నవాళ్లు బడి తెరిచిన మొదటి రోజే పూర్తి వేగంతో పరుగెత్తకూడదు. ఒళ్లు వేడికి అలవాటు పడడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది.

పందేనికి ముందు, మధ్యలో

- ఖాళీ కడుపుతో పరుగెత్తవద్దు. రెండు గంటల ముందు ఇడ్లీయో, రాగి అంబలో తీసుకోండి.
- దాహం వేసేదాకా ఆగకుండా కొంచెం కొంచెంగా నీళ్లు తాగండి. ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మరసం మంచివే.
- పూర్తి వేగంతో పరుగెత్తిన ప్రతి 10 మీటర్లకు ఒక నిమిషం విరామం అని కోచ్‌లు లెక్క చెబుతారు. ఆ లెక్కన వంద మీటర్లకు 10 నిమిషాలు. ఆ సమయం నీడలోనే గడపాలి.
- ఒక పూటకు మూడు నాలుగు పందేలు చాలు. ఎన్ని అనేది మొదలుపెట్టకముందే అందరూ కలిసి ఒప్పుకోండి.
- జ్వరం, విరేచనాలు ఉన్నవాళ్లు, రాత్రి సరిగ్గా నిద్రపోనివాళ్లు ఆ రోజు టైము చూసే పని తీసుకోండి.

స్నేహితుడిని కనిపెట్టుకోండి

ఎండ దెబ్బ తగిలినవాడికి తన పరిస్థితి తనకు తెలియకపోవచ్చు. "నాకేం కాలేదు" అనే అంటాడు. పక్కనున్నవాళ్లే గమనించాలి.

తలనొప్పి, వాంతి వచ్చేట్టు ఉండడం, తల తిరగడం కనిపిస్తే పందెం అక్కడితో ఆపండి. నీడలో పడుకోబెట్టి, కాళ్లు కొంచెం ఎత్తులో పెట్టి, నీళ్లు గానీ, ప్యాకెట్ మీద చెప్పిన కొలతలో కలిపిన ఓఆర్ఎస్ గానీ తాగించండి.

మాట తడబడినా, పిచ్చిగా మాట్లాడినా, తూలినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ కావచ్చు. చెమట పడుతోంది కదా అని ధైర్యం చేయవద్దు. పరుగెత్తినవాళ్లకు చెమట పడుతుండగానే వడదెబ్బ తగలవచ్చు. వెంటనే పెద్దవాళ్లను పిలవండి, 108కి ఫోన్ చేయించండి. అంబులెన్స్ వచ్చేదాకా ఊరికే కూర్చోవద్దు. బట్టలు వదులు చేసి ఒళ్లంతా చల్లని నీళ్లు పోస్తూ విసరండి. ఐస్ ఉంటే మెడ, చంకల దగ్గర పెట్టండి. ముందు చల్లబరచాలి, తర్వాతే ఆస్పత్రికి తరలించాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

తల్లిదండ్రులకు ఒక మాట: ఇంటికి రాగానే "గెలిచావా?" అని అడిగే ముందు "నీళ్లు తాగావా? ఎన్నిసార్లు పరుగెత్తావు?" అని అడగండి. పిల్లలకు ఒక మాట: "నాకు చాలు" అన్న స్నేహితుడిని ఎగతాళి చేయకండి. వాడితో పాటు మీరూ నీడలో కూర్చోండి. మిగిలిన పందెం రేపు పెట్టుకోవచ్చు.