మంచు జారే వేళ

1917వ సంవత్సరం జూన్ నెలలో స్విట్జర్లండులోని డోమ్ శిఖరాన్ని ఇద్దరు మనుషులు మొట్టమొదటిసారి స్కీలతో అధిరోహించినారు. దాని ఎత్తు 4,545 మీటర్లు. వారిలో ఒకడు యోసెఫ్ క్నూబెల్, కొండదారులు చూపడమే వృత్తిగా గలవాడు. రెండవవాడు ఆర్నాల్డ్ లన్ అనే ఆంగ్లేయుడు. ఈ లన్ 1888లో మన పొరుగున ఉన్న మద్రాసు నగరంలోనే పుట్టినాడు. 1909లో కొండమీద నుంచి పడి కాలు విరిగి, ఆ కాలు పొట్టిదైపోయినా ఆయన మంచుకొండలను విడువలేదు.

స్కీలనగా పాదాలకు బిగించుకొనే పొడవైన సన్నని పలకలు. వాటిపై నిలిచి మంచువాలులో జారుతూ పోవచ్చును. ఆ రోజుల్లో ఇది చలికాలపు విద్య అని పలువురి భావన. ఎత్తయిన కొండలకు వసంతమే అనువైనదని లన్ వాదించి, 1921లో ఒక గ్రంథమే ప్రకటించినాడు. అయితే వసంతంలో ఒక పెద్ద చిక్కున్నది. ఉదయం రాయిలా ఉన్న మంచు మధ్యాహ్నానికి నీరు పట్టి, వాలు విడిచి క్రిందికి జారవచ్చును. ఇది తడిమంచు చరియ. పొడిమంచు చరియ గంటకు 100 కి.మీ. దాటిన వేగంతో దూకుతుంది. ఇది ఒక్కొక్కప్పుడు మనిషి పరుగెత్తేపాటి వేగంతోనే వస్తుంది. నెమ్మది గదా అని తేలికగా చూడరాదు. దీని బరువు హెచ్చు. ఆగగానే సిమెంటువలె బిగుసుకొంటుంది. అందులో పూడిన మనిషి చేయి కూడా కదల్చలేడు.

ఆల్ప్స్ కొండల రైతులు ఈ రెండింటినీ ఏనాడో గుర్తించి, ఒకదానిని ధూళిచరియ అనీ, రెండవదానిని నేలచరియ అనీ పిలుచుకొన్నారు. యోహాన్ కోఆట్స్ అనే అటవీ అధికారి, ఏ చరియ ఎక్కడ, ఎప్పుడు జారినదో తన శాఖ ఉద్యోగులచేత వ్రాయించి, 1881లో స్విస్ మంచుచరియలపై గ్రంథం వెలువరించినాడు. ఊళ్ళకూ అడవులకూ ఈ లెక్కలు ఎంతో ఉపయోగించినవి. కాని వాలుపై నిలిచిన యాత్రికునికి కావలసింది ఏ రోజు, ఏ గంటకు అన్న సంగతి.

ఆ గంట ముందటి రాత్రి మీద ఆధారపడుతుంది. 0 డిగ్రీల వద్ద ఉన్న ఒక గ్రాము నీరు గడ్డకట్టాలంటే 80 కెలోరీల వేడిని కోల్పోవాలి. మబ్బులేని రాత్రి మంచు తన వేడిని ఆకాశంలోకి వెదజల్లుతుంది. గాలి 0 డిగ్రీలకు కొంచెం పైన ఉన్నా పైపొర గట్టిపడుతుంది. ఇది మన దేశం ఎరుగనిది కాదు. అలహాబాదులో మట్టిమూకుళ్ళలో నీరు పోసి, రాత్రి ఆరుబయట పెట్టి మంచుగడ్డ చేసే పద్ధతిని రాబర్ట్ బార్కర్ 1775లోనే లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వర్ణించినాడు. మబ్బు కమ్మితే ఆ వేడిలో చాలాభాగం తిరిగి వస్తుంది. అందుచేత మబ్బురాత్రి గడచిన తరువాత తెల్లవారుజామున కూడా వాలును నమ్మరాదు.

రాత్రి ఎంత మందాన గడ్డకట్టినదో, పగటి ఎండ అంతటినీ మళ్ళీ కరిగించాలి. యాత్రికునికి దొరికే వ్యవధి అదే. అందుకే చీకటితో బయలుదేరి ఉదయానికే శిఖరం చేరుకొంటారు. ఎండ ముందు తూర్పువాలును, తరువాత దక్షిణాన్ని, చివరకు పడమటివాలును మెత్తబరుస్తుంది. సగ్గుబియ్యంవంటి మంచురేణువులు పైన రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే సడలిన సమయం జారడానికి ఎంతో హాయి. చీలమండ దాటి కాలు దిగబడుతున్నా, బండల దగ్గరనుంచి మంచుఉండలు దొర్లుతున్నా, ఆ వాలు విడువవలసిందే. శిఖరం అరగంట దూరంలో కనిపిస్తూ ఉండగా వెనుదిరగడం అందరికీ చేతకాదు.

నీరు మంచును ఎందుకు బలహీనపరుస్తుంది? దావోస్ పట్టణం పైన, 2,600 మీటర్లకు మించిన ఎత్తున గల వైస్‌ఫ్లూయోఖ్ వద్ద 1930ల నుంచి మంచుపై పరిశోధనలు సాగినవి. అక్కడ హెన్రీ బాడర్, రాబర్ట్ హేఫెలీ మొదలైనవారు మంచును ఖనిజంగానూ, నేలమట్టిగానూ భావించి పరీక్షించి, 1939లో తమ ఫలితాలు ప్రకటించినారు. తడిమంచు గుట్టు మరింత విప్పినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు శామ్యూల్ కోల్బెక్, 1970లలో. ఇసుకలో పిచ్చుకగూళ్ళు కట్టే పిల్లలకు ఇందులో సగం తెలుసు. కొద్దిపాటి తడి రేణువులను పట్టి ఉంచుతుంది. నీరు హెచ్చితే గూడు కూలుతుంది. మంచులో ఇంకొక ముప్పు కూడా కలదు: నీరు హెచ్చినప్పుడు రేణువులను కలిపి ఉంచిన మంచుబంధాలే కరిగిపోతవి.

అయినా గడియారం లెక్క ఒక్కటే చాలదు. శీతకాలపు పొరల్లోకి మొదటిసారి నీరు దిగే రోజుల్లో, అది లోపలి బలహీనపు పొర వద్ద నిలిచిపోయి, పైనున్న మంచునంతా పలకగా విడదీయవచ్చును. మంచుపొర ఘనపరిమాణంలో నీరు సగటున సుమారు 3 శాతానికి చేరే వేళ ఇట్టి ముప్పు హెచ్చుతుందని ఇటీవలి పరిశోధనల సారాంశం. వైస్‌ఫ్లూయోఖ్‌లో నేలలో అమర్చిన రాడార్‌తో ఆ నీటి జాడను క్రిందినుంచే కనిపెట్టినారు. యాత్రికుని వద్ద మాత్రం అటువంటి సాధనం ఉండదు. అతడు కర్రతో గట్టిపొరను పొడిచి, దాని క్రింది మంచును పిడికిట పట్టి పిండి చూచుకొంటాడు.