ద్వీపమున తోట, ద్వీపమున పంజరము

అండమాను దీవులకు వచ్చిన యాత్రికుడు ఒక దినమును మొక్కలకును ప్రాణులకును కేటాయించినచో మూడు స్థలముల పేర్లు అతని చెవిని పడును. 2024లో శ్రీవిజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయిరుకు వెలుపల ధానీఖారీలో వృక్షశాస్త్రోద్యానమున్నది. నగరమునందలి హడ్డోలో చిరకాలము ఒక చిన్న జంతుప్రదర్శనశాల నడచినది. దక్షిణ అండమాను కొసన, చిడియా టాపు వద్ద, అడవిని ఆనుకొని ఒక జంతూద్యానము కలదు. ఉదయమున చెట్లను, మధ్యాహ్నమునకు ప్రాణులను చూచి, సూర్యాస్తమయమునకు సముద్రతీరము చేరుట కష్టము కాదు. కాని చూచినదానిని గ్రహించుటకు నూటఅరువదియేండ్ల చరిత్ర తెలియవలెను. ఈ దీవులలో బంధించుట, సేకరించుట, ప్రదర్శించుట అనునవి దాదాపు ఒకే కాలమున అడుగుపెట్టినవి.

1857 తిరుగుబాటు ఖైదీలకు చెరసాల వెదకుటకై ఆంగ్ల ప్రభుత్వము ఫ్రెడరిక్ మోవాట్ అను వైద్యుని నాయకత్వమున ఒక సంఘమును పంపినది. ఆ సంఘమువారికిని దీవివాసులకును ఘర్షణ జరిగినది. దీవివాసులు కొందరు మరణించినారు. ఒకనిని పట్టి ఓడలో కలకత్తాకు కొనిపోయినారు. అతని నిజమైన పేరు వారెవరికిని తెలియదు. జాక్ అని పిలిచినారు, దుస్తులు తొడిగినారు, ఛాయాచిత్రములు తీసినారు. అతడు జబ్బుపడగా తిరిగి దీవికి చేర్చినారు. 1858 మార్చిలో రెండువందలమంది ఖైదీలతో శిక్షాకేంద్రము ప్రారంభమైనది. ఒక భూభాగము నుండి పట్టి తెచ్చినవారిని ఇక్కడ బంధించిరి. ఇక్కడ పట్టినవానిని అక్కడ చూపిరి.

అధికారుల వెనుకనే, కొన్నిచోట్ల అధికారుల రూపముననే, ప్రకృతి శాస్త్రజ్ఞులును వచ్చినారు. 1862 నుండి 1864 వరకు శిక్షాకేంద్రమునకు అధిపతిగా ఉండిన రాబర్ట్ టైట్లర్ పక్షులను, జంతువులను సేకరించినవాడు. అండమానుకు చెందిన ఒక పునుగుజాతిని వర్ణించినవాడు. కలకత్తా వృక్షోద్యానమునందు ఎండుమొక్కల భాండాగారమును చూచుచుండిన సుల్పిజ్ కుర్జ్ 1866లో ఈ అడవులను పరిశీలించి, 1870లో వాటి వృక్షసంపదపై నివేదిక ప్రకటించినాడు. నార్కొండము దీవిలో తప్ప మరెక్కడను లేని కొమ్ముపక్షిని ఏ.ఓ. హ్యూమ్ 1873లో లోకమునకు పరిచయము చేసినాడు. ఆయనయే తరువాత భారత జాతీయ మహాసభ స్థాపకులలో ఒకడైనాడు. వీరి శ్రమ అమూల్యము. అయినను వీరు సేకరించినవి ఎక్కువగా దీవులను విడిచి దూరపు భాండాగారములకు తరలిపోయినవి. దీవిలోని చెట్టు దీవిలోనే చదువబడుటకు మరియొక శతాబ్దము పట్టినది.

1972లో భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థ పోర్ట్ బ్లెయిరులో తన శాఖను స్థాపించినది. ధానీఖారీ తోట ఆ శాఖ కృషిఫలమే. ఇక్కడ సందర్శకుడు వెదకవలసినది పూలబాటల అందమును కాదు. ఎఱ్ఱని చేవగల పడాకు వృక్షము ఈ దీవుల సొంతము. 1883లో నెలకొన్న చాథాం రంపపుమిల్లుకు అదియే ముఖ్యమైన ఆహారము. దాదాపు ఒక శతాబ్దముపాటు గొడ్డలికి తెలిసిన చెట్టు ఇక్కడ ఇతర దేశీయ వృక్షములతో, ఆర్కిడ్లతో కలసి విత్తుగా, మొలకగా కనబడును. తోట యనగా ఒక జ్ఞాపకము; అడవికి నష్టము కలిగినపుడు తిరిగి ఇచ్చుకొనుటకు దాచిన విత్తనపు గాదె.

జంతువుల విషయమునందును ఇట్లే. భూమిపై నేడు జీవించు సరీసృపములలో అతిపెద్దదగు ఉప్పునీటి మొసలిని హడ్డోలో పెంచి, గ్రుడ్లు పొదిగించి, పిల్లలను మరల ప్రకృతిలో విడిచినారు. పంజరమునకు ఇంతకన్న గొప్ప సమర్థన లేదు. నికోబారులోని మెగాపోడ్ పక్షి తన గ్రుడ్లపై కూర్చుండి పొదుగదు. ఇసుక, ఆకులు కుప్పవేసి అందు గ్రుడ్లుంచును. కుళ్ళు ఆకుల వేడికి అవి పొదుగబడును. ఆ కుప్పలు సముద్రపుటొడ్డున ఉండుటచే 2004 డిసెంబరు 26నాటి సునామీకి పెక్కు నశించినవి. ఒకే తీరమును నమ్ముకొన్న జాతి ఒక్క అలకు ఎంత లోబడియుండునో దీనివలన తెలియుచున్నది.

దీవికి అలయే కాదు, అతిథియు ప్రమాదమే. ఇరువదవ శతాబ్దారంభమున వేటవినోదమునకై తెచ్చి విడిచిన చుక్కలదుప్పికి ఇక్కడ పులి లేదు. అది లేతమొలకలను మేసి అడవి పునరుద్ధరణకు అడ్డమైనది. కలప మోయుటకు తెచ్చి, వ్యాపారము చెడగా 1962లో ఇంటర్వ్యూ దీవిలో విడువబడిన ఏనుగుల సంతతి అక్కడి చెట్లను విరిచినది. ప్రధాన భూభాగమున పూజింపబడు మృగము దీవిలో వినాశకారి కావచ్చును.

కాబట్టి చిడియా టాపున కంచెకు ఈవల నిలిచి చూచు యాత్రికునకు ఒక ప్రశ్న ఎదురగును: ఈ కంచె ఎవరి కొరకు? 1858లో మనిషిని పట్టి చూపినవారు అతనిని తెలిసికొన్నామని భావించినారు. ఆ పరిచయము అండమానీయులకు మేలు చేయలేదు. 1877నాటి తట్టువ్యాధి, దాని ముందువెనుకల వచ్చిన ఇతర రోగములు వారిని క్షీణింపజేసినవి. మహా అండమానీయులు నేడు కొన్ని పదులమంది మాత్రమే. జరవా, సెంటినెల్ జాతులను చూడబోవుటను నేడు చట్టము నిషేధించినది. చూచుటకు హక్కు లేని చోటు కూడ ఒకటి ఉండవలెనని ఈ దీవులు చాల ఆలస్యముగా నేర్చుకొన్నవి. తోటయు, జంతుశాలయు ఆ పాఠమునకు లోబడి, తిరిగి అడవికి అప్పగించుటకై కాపాడినంతకాలమే వాటి గోడలకు అర్థము. అట్లు కానిచో అవి మోవాట్ ఓడకు మరియొక పేరు మాత్రమే అగును.