పాత రివాల్వర్ మీది పొర – ఒక చారిత్రక ఆధారం

శాసనాలు, పత్రాల వలెనే వస్తువులు కూడా చరిత్రకు ఆధారాలే. ఉదాహరణకు, అమెరికాకు చెందిన శామ్యూల్ కోల్ట్ తయారుచేసిన 1851 ‘నేవీ’ రివాల్వర్‌ను తీసుకోండి. దాని గొట్టం మీద తయారీదారు చిరునామా, భాగాల మీద క్రమసంఖ్యలు ఉంటాయి. సిలిండర్ చుట్టూ 1843 మే 16న టెక్సాస్, మెక్సికో నౌకల మధ్య జరిగిన పోరాట దృశ్యం ఉంటుంది.

దాని మీది ముదురు నీలిరంగు పెయింటు కాదు. లోహం పైభాగం నుంచే ఏర్పరచిన పలుచని ఆక్సైడ్ పొర. నూనె రాసి ఉంచితే అది తుప్పును కొంతవరకు అడ్డుకుంటుంది.

పాత రివాల్వర్‌ను కొత్తదానిలా మెరిపించాలంటే ముందు సానపట్టాలి. అప్పుడు తుప్పుతోపాటు లోహమూ అరుగుతుంది. అక్షరాలు, అంకెలు, దృశ్యం చెరిగిపోతాయి. నీలిరంగును మళ్ళీ తెప్పించవచ్చు గాని, పోయిన అక్షరాలను తెప్పించలేము. కోల్ట్ 1853 నుంచి 1856 వరకు లండన్‌లో కూడా కర్మాగారం నడిపాడు. చిరునామా చెరిగిపోతే ఆ రివాల్వర్ అమెరికాలో తయారైందా, లండన్‌లోనా అన్నది తేల్చడం కష్టమవుతుంది.

అందువల్ల సంరక్షకులు ముందుగా ఆయుధం ఖాళీగా ఉందని నిర్ధారించుకుంటారు. ఫొటోలు తీసి, మెత్తని గుడ్డతో, పలుచని నూనెతో ఎర్ర తుప్పును మాత్రమే తొలగిస్తారు. మిగిలిన పాత పొరను అలాగే ఉంచుతారు.

మ్యూజియంలో మచ్చలు పడిన ఆయుధం కనిపిస్తే, అశ్రద్ధ అనుకోకముందు దాని మీది ముద్రలను చదవండి.