శస్త్రవైద్యుల శిక్షణ: హైదరాబాద్ వైద్య పాఠశాల నుంచి జిల్లా రెసిడెన్సీ వరకు

జయశంకర్ భూపాలపల్లి జిల్లా టేకుమట్లలో ఒక రైతుకు అర్ధరాత్రి కడుపులో పేగుకు రంధ్రం పడిందనుకుందాం. బంధువులు అతన్ని వరంగల్‌లోని ఎం.జి.ఎం. ఆసుపత్రికి తీసుకువెళతారు. ఇలాంటి పెద్ద బోధనాసుపత్రిలో ఆ వేళ అతన్ని ముందుగా చూసేది ప్రొఫెసరు కాదు. శస్త్రవైద్యంలో ఎం.ఎస్. చదువుతున్న యువ వైద్యుడు, అంటే వాడుకలో 'పీజీ'. ఆ యువకుడి చేతికి కత్తి ఎప్పుడు ఇవ్వాలి, ఎవరు పక్కన నిలబడాలి అన్న ప్రశ్న చుట్టూ నడిచినదే శస్త్రవైద్య శిక్షణ చరిత్ర.

గురువు చాటున నేర్చుకున్న కాలం

మన ప్రాంతంలో ఆధునిక వైద్య శిక్షణ 1846లో హైదరాబాద్ వైద్య పాఠశాలతో మొదలైంది. రెసిడెన్సీ సర్జన్ విలియం క్యాంప్‌బెల్ మెక్లీన్ దాని తొలి బాధ్యుడు. పాఠాలు ఉర్దూలో సాగేవి. శస్త్రచికిత్సకు వేరే కోర్సు, వేరే పరీక్ష అనే ఆలోచన అప్పటికి లేదు. గురువు చేస్తుంటే చూడడం, పనిముట్లు అందించడం, తరువాత తానే చేయడం. నేర్చుకునే దారి అదే.

ఈ పద్ధతి బలమూ బలహీనతా రెండూ 1885లో రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చిన ఎడ్వర్డ్ లారీ కాలంలో కనిపిస్తాయి. ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ దగ్గర నేర్చుకున్న లారీకి గురువు మాట వేదం. క్లోరోఫాం ఇచ్చేటప్పుడు రోగి శ్వాసను గమనిస్తే చాలు, నాడిని పట్టించుకోనక్కరలేదు అన్నది ఆ మాట. తన విద్యార్థులకూ ఆయన ఇదే నేర్పాడు. వారిలో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ తరువాత మత్తు వైద్యురాలిగా పేరు పొందారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్థిక సాయంతో 1888లో, 1889లో రెండు హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. రెండోదానికి 'లాన్సెట్' పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ లండన్ నుంచి వచ్చాడు. రెండూ లారీ వాదాన్నే సమర్థించాయి. కాని క్లోరోఫాం గుండెను నేరుగా ఆపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ ప్రయోగాలు చూపించాయి. గురువు నైపుణ్యంతో పాటు ఆయన పొరపాటు కూడా శిష్యుడి చేతికి వస్తుంది. ఒకే గురువు దగ్గర నేర్చుకునే పద్ధతిలో దాన్ని సరిదిద్దేవారు ఉండరు. లారీని తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. అంత జాగ్రత్తగా ప్రయోగాలు చేసిన మనిషికే ఇలా జరిగిందన్నది గమనించాలి.

ఆసుపత్రే నివాసం

అదే 1889లో అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి ప్రారంభమైంది. అక్కడ విలియం హాల్‌స్టెడ్ జర్మనీ ఆసుపత్రుల నమూనాను తీసుకుని కొత్త పద్ధతి పెట్టాడు. శిక్షణ పొందేవారు ఆసుపత్రిలోనే నివసించాలి. 'రెసిడెంట్' అన్న మాట అందుకే వచ్చింది. ఏడాదికేడాది బాధ్యత పెరుగుతుంది. ఇన్నేళ్లకు ముగుస్తుందన్న హామీ మాత్రం లేదు. చాలామంది మధ్యలోనే తప్పుకోవలసి వచ్చేది, చివరికి చీఫ్ రెసిడెంట్ ఒక్కడే మిగిలేవాడు. 1922లో హాల్‌స్టెడ్ మరణించేనాటికి అలా తయారైనవారు 17 మంది. ఈ 'పిరమిడ్' పద్ధతిని సడలించి, చేరినవారందరూ శిక్షణ పూర్తి చేసే ఏర్పాటును తరువాత బోస్టన్‌లో ఎడ్వర్డ్ చర్చిల్ ప్రవేశపెట్టాడు. ఇప్పుడు మన దేశంలో ఉన్న మూడేళ్ల ఎం.ఎస్. ఈ రెండో రకానికే దగ్గర.

హైదరాబాద్‌లో 1908 మూసీ వరదల్లో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి నాశనమైంది. తరువాత ఏడో నిజాం కాలంలో ఉస్మానియా ఆసుపత్రి కట్టారు. వరంగల్‌లో కాకతీయ వైద్య కళాశాల 1959లో వచ్చింది. ఆ కళాశాలకు బోధనాసుపత్రి ఎం.జి.ఎం.

ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో శిక్షణకు ఆధారం 'యూనిట్'. ఒక చీఫ్, ఆయన కింద అసిస్టెంట్ ప్రొఫెసర్లు, పీజీలు, హౌస్ సర్జన్లు ఉంటారు. వారంలో కొన్ని రోజులు ఓపీ, కొన్ని రోజులు థియేటర్, అడ్మిషన్ రోజున వచ్చిన అత్యవసర కేసులన్నీ ఆ యూనిట్‌వే. మొదటి ఏడాది పీజీ కట్లు కడతాడు, రిట్రాక్టర్ పట్టుకుంటాడు. హెర్నియా, అపెండిక్స్ ఆపరేషన్లు సీనియర్ పక్కన ఉండగా చేతికొస్తాయి. పెద్ద పేగు ఆపరేషన్ ఆఖరి ఏడాది మాట. రోగులు ఎక్కువ కాబట్టి చేతికి పని త్వరగా అలవాటవుతుంది. నిద్ర మాత్రం కరువు. రెసిడెంట్ల నిరంతర విధి సాధారణంగా రోజుకు 12 గంటలు మించరాదని, వారానికి ఒక సెలవు ఉండాలని 1992 జూన్‌లో కేంద్ర ప్రభుత్వ రెసిడెన్సీ ఉత్తర్వు చెప్పింది. ఆ ఉత్తర్వు ఇప్పటికీ ఆచరణ కంటే ముందే నడుస్తోంది.

ఇక్కడ ఒక విషయం దాచకూడదు. ఈ శిక్షణ మొత్తం నిలబడినది డబ్బు కట్టలేక పెద్దాసుపత్రికి వచ్చిన పల్లె రోగుల మీద. శిక్షణ పూర్తయినవారు పట్టణాల్లో స్థిరపడ్డారు. టేకుమట్ల రోగి నగరానికి వెళ్లాడు గాని సర్జన్ ఇటు రాలేదు.

శిక్షణ జిల్లాకు రావడం

2020 సెప్టెంబరులో పీజీ వైద్యవిద్య నిబంధనలను సవరించి జిల్లా రెసిడెన్సీని తప్పనిసరి చేశారు. దాని ప్రకారం ప్రతి పీజీ 3, 4, 5 సెమిస్టర్లలో ఏదో ఒకదానిలో మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలి. ఈ మార్పు విలువ కేవలం సేవలో లేదు. అన్ని స్పెషాలిటీలూ పక్కనే ఉన్నచోట నేర్చుకున్నవాడికి, అవి లేనిచోట ఏది ఇక్కడే చేయవచ్చు, ఏది వెంటనే వరంగల్‌కు పంపాలి అన్న నిర్ణయం తెలియదు. పంపడం కూడా శస్త్రవైద్యంలో ఒక విద్యే. అయితే నిబంధన ప్రకారం పీజీ ఆ విభాగపు సీనియర్ వైద్యుల పర్యవేక్షణలో పనిచేయాలి. సర్జన్ పోస్టు ఖాళీగా ఉన్నచోట ఆ వాక్యానికి అర్థం ఉండదు. అలాంటిచోట పీజీ నేర్చుకోవడం ఆగిపోయి, ఖాళీని నింపడమే మిగులుతుంది. 1846 పాఠశాలలో కనీసం గురువు ఎదురుగా ఉండేవాడు.

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఎం.బి.బి.ఎస్. నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఒక ఏడాది, ఆపై ఎం.ఎస్. మూడేళ్లు. భూపాలపల్లిలో 2023లో చేరిన తొలి బ్యాచ్ నుంచి ఒకరు సర్జన్ కావాలన్నా, సీటు మొదటిసారే దొరికిందనుకున్నా, 2032 వస్తుంది.